చెయ్యి దించేదాకా లేవకండి

తపస్సుకాలం వచ్చిందంటే మా గుడిలో పాపసంకీర్తనాల వరుస చూసుకునే పని నా మీద పడుతుంది. ఒకరు లేచాక ఇంకొకరిని పంపడం, ముసలివాళ్లకు కుర్చీ వేయడం, పిల్లలు తోసుకోకుండా చూడడం, అంతే. నేను నిలబడే చోటికి మాటలు వినబడవు, వినబడకూడదు కూడా. మనుషుల ఒళ్లు మాత్రం కనబడుతుంది. ఇన్నేళ్లు చూశాక నాకు తెలిసిందేమిటంటే, పొరపాటు జరిగేది మొదట్లో కాదు, చివర్లో. వచ్చేటప్పుడు అందరూ భయభక్తులతోనే వస్తారు. కొంగు కప్పుకుంటారు, చేతులు జోడిస్తారు, గచ్చు మీద మోకాళ్లూనుతారు. ఫాదర్‌గారు ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమనగానే పని అయిపోయిందనుకుని లేచిపోతారు. ఆయన చెయ్యి ఎత్తి పాపవిమోచన వాక్యం మొదలుపెట్టేసరికి ఎదురుగా కనబడేది వీపు.

అసలు వచ్చిందే ఆ అర నిమిషం కోసం.

మా వైపు ఈ గందరగోళానికి ఒక కారణం ఉంది. విజయవాడ రోడ్డు హైదరాబాదు నగరంలోకి వచ్చి చేరేది ఎల్బీనగర్ చౌరస్తాలో. నల్లగొండ, ఖమ్మం, గుంటూరు వైపు నుంచి వచ్చిన కతోలిక కుటుంబాలు ఆ రోడ్డు పట్టుకునే వచ్చి కొత్తపేట, సరూర్‌నగర్, వనస్థలిపురం చుట్టూ ఇళ్లు కట్టుకున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు కోచింగ్ కోసం వచ్చే పిల్లలు వేరే. ఒక ఊళ్లో ఫాదర్‌గారి కుర్చీ పక్కన నేల మీద మోకరించడం అలవాటు. ఇంకో ఊళ్లో జాలీ ఉన్న చెక్క పెట్టె. మరో ఊళ్లో చెట్టు కింద రెండు కుర్చీలు. అందరూ ఒకే వరుసలోకి వచ్చేసరికి ఎవరికి తెలిసిందే అసలు పద్ధతని వాళ్లు అనుకుంటారు, పక్కవాణ్ని చూసి పెదవి విరుస్తారు. అందుకే చేయవలసినవి, చేయకూడనివి నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

మోకాళ్ల సంగతి

మోకరించడం మంచి అలవాటు. ఆరోగ్యం ఉన్నవాళ్లు మోకరించండి. కానీ మోకరించకపోతే పాపక్షమ రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. శ్రీసభ చట్టంలో పాపసంకీర్తనం చెప్పుకునేవాడు మోకాళ్ల మీదే ఉండాలన్న నియమం లేదు. 964వ సూత్రం మాట్లాడేది స్థలం గురించి: సంకీర్తనానికి తగిన చోటు గుడి లేదా ప్రార్థనాలయం, అందరికీ కనిపించే చోట, గురువుకూ విశ్వాసికీ మధ్య స్థిరమైన జాలీ ఉన్న సంకీర్తన పెట్టెలు ఉండాలి, సరైన కారణం లేకుండా వేరే చోట వినకూడదు. మోకాళ్ల ఊసు అందులో లేదు.

చరిత్ర కూడా అదే చెబుతుంది. ఆ చెక్క పెట్టె మొదటి నుంచీ ఉన్నది కాదు. మిలాను అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొరోమియో 16వ శతాబ్దంలో దాన్ని తన మేత్రాసనంలో వాడుకలోకి తెచ్చాడు. అంతకుముందు గుడిలో అందరికీ కనబడేలా, గురువు కూర్చున్న చోటికే వెళ్లి చెప్పుకునేవారు. ఇక లూకా సువార్తలోని సుంకరిని గుర్తు తెచ్చుకోండి. కళ్లు కూడా పైకెత్తలేక రొమ్ము బాదుకున్న ఆ మనిషి నిలబడే ఉన్నాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతనే.

మన దేశానికి ఇంకో వెసులుబాటు వచ్చింది. భారత పీఠాధిపతులు అడిగిన 12 అంశాల అనుసరణను రోము 1969 ఏప్రిల్ 25న ఆమోదించింది. నేల మీద కూర్చోవడం, చెప్పులు బయట విడవడం, మోకాలు వంచడానికి బదులు చేతులు జోడించి నడుము వంచి నమస్కరించడం, పశ్చాత్తాప క్రమంలో పంచాంగ ప్రణామం చేయడం అందులో ఉన్నాయి. అవి పూజ కోసం చెప్పినవి, సంకీర్తనం కోసం కాదు. అయినా మన ఒంటి మర్యాదలు దేవుడి ముందు పనికొస్తాయని దానితో తేలిపోయింది. కాబట్టి మోకరించలేని అమ్మమ్మ కుర్చీలో కూర్చుని చేతులు జోడించి తల వంచితే అందులో లోటేమీ లేదు.

ఇప్పుడు జాగ్రత్తలు. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఫాదర్‌గారి దగ్గరికి రాగానే మొదటి మాటగా చెప్పేయండి: "ఫాదర్, నేను వంగలేను, కూర్చుంటాను." ఆయన కుర్చీ జరుపుతారు. సిగ్గుపడి పంటి బిగువున మోకరిస్తే మనసంతా మోకాలి మీదే ఉంటుంది, పాపాల మీద ఉండదు. మా గుడిలో ఒక పెద్దాయన అలాగే పట్టుదలగా మోకరించి, లేవలేక, జాలీ చట్రం పట్టుకుని లాగితే చట్రం ఊడి వచ్చింది. ఆయనకేమీ కాలేదు. కార్పెంటర్‌కు మాత్రం పని దొరికింది.

లేచేటప్పుడు తొందర వద్దు. చాలాసేపు తల వంచుకుని మోకాళ్ల మీద ఉండి ఒక్కసారిగా లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. ముందు తల ఎత్తండి, నాలుగు ఊపిరులు తీసుకోండి, ఒక పాదం నేల మీద ఆనించండి, బెంచీ అంచు పట్టుకుని లేవండి. ఫాదర్‌గారి చెయ్యి గానీ భుజం మీది స్టోల్ గానీ పట్టుకుని లేవకండి. స్టోల్ ఊడి వస్తుంది, మీరూ పడతారు. గ్రానైట్ గచ్చు తడిగా ఉంటే మోకరించే ముందే వరుస చూసేవాళ్లకు చెప్పండి. తుడిచే గుడ్డ మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. కొవ్వొత్తుల స్టాండు పక్కన మోకరించే ఆడవాళ్లు పైట, చున్నీ ఒంటికి చుట్టుకుని వంగండి. నైలాన్ బట్ట ఎంత త్వరగా అంటుకుంటుందో వంటింట్లో చూసేవుంటారు.

ఆ అర నిమిషం

వరుస క్రమం ఇది: పాపాలు చెప్పుకుంటాం, ఫాదర్‌గారు రెండు మంచి మాటలు చెబుతారు, ప్రాయశ్చిత్తం విధిస్తారు, మనం మనస్తాప జపం చెబుతాం, ఆయన పాపవిమోచనం ఇస్తారు, మనం ఆమెన్ అంటాం. 1973 డిసెంబరు 2 తేదీతో రోము ఇచ్చిన సంస్కార క్రమం ప్రకారం గురువు విశ్వాసి తల మీదుగా రెండు చేతులూ, కనీసం కుడి చెయ్యి, చాపి ఆ వాక్యం పలకాలి. చివరి మాటల దగ్గర సిలువ గుర్తు వేస్తారు. జాలీ వెనకాల ఉన్నా చెయ్యి మన వైపే ఉంటుంది. మనకు కనబడకపోవచ్చు, అంతే.

ఆ చెయ్యి లేచింది మొదలు దించేదాకా కదలకండి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. తల కొంచెం వంచండి, చేతులు జోడించండి, నోరు మూసుకోండి. మనస్తాప జపం ఇంకా పూర్తి కాలేదని కొందరు ఫాదర్‌గారి మాటల మీదుగా గట్టిగా చెబుతూనే ఉంటారు. అది వద్దు. జపం మరిచిపోతే మీ సొంత మాటల్లో ఒక్క వాక్యం చెప్పుకోండి, ఆపైన వినండి. ఇక్కడ మన పని వినడమే.

చెయ్యి తలకు తగలలేదని దిగులు వద్దు. తగలాలన్న నియమం లేదు, చాపితే చాలు. ఆ చేతిని పట్టి తల మీద పెట్టుకునేవాళ్లను కూడా చూశాను. ప్రేమతోనే చేస్తారు, కానీ వద్దు. స్టోల్ కళ్లకద్దుకోవాలనిపిస్తే ఆమెన్ అన్నాక, ఆయన అభ్యంతరం చెప్పకపోతే. కాళ్ల మీద పడకండి. వెనకాల వరుసలో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు అది చూసి తనూ పడాలేమోనని బెదిరిపోతాడు.

సిలువ గుర్తు తొందరగా గాల్లో ఈగను తోలినట్టు వేయకండి. నుదురు, రొమ్ము, రెండు భుజాలు. ఆమెన్ వినబడేలా అనండి. మాటలు వినబడకపోతే, ముఖ్యంగా బయట హారన్ల రొద ఉన్నప్పుడు, "ఫాదర్, పాపవిమోచనం ఇచ్చారా?" అని అడగండి. అది అమర్యాద కాదు. ఇంటికెళ్లి రాత్రంతా అనుమానంతో దొర్లడం కంటే మేలు.

ఈ ఫోన్ల కాలంలో ఇంకో ప్రశ్న తరచూ వస్తుంది: అమెరికాలో ఉన్న అబ్బాయి వీడియో కాల్‌లో ఇక్కడి ఫాదర్‌గారికి చెప్పుకోవచ్చా? కూడదు. ఇంటర్నెట్‌లో సంస్కారాలు ఉండవని రోము 2002లోనే స్పష్టంగా చెప్పింది. సలహా అడగవచ్చు, ప్రార్థన కోరవచ్చు. పాపవిమోచనానికి మాత్రం మనిషి ఎదురుగా ఉండాలి. అబ్బాయి అక్కడే దగ్గర్లోని గుడికి వెళ్లాలి. భాష రాదన్న బెంగ ఉంటే చట్టం దుబాసీని కూడా ఒప్పుకుంటుంది, 990వ సూత్రం. ఆ దుబాసీ నోరు జీవితాంతం మూసుకోవాలి. మన వైపు పనికి వచ్చిన ఒడియా, తమిళ కుటుంబాలకూ ఇదే మాట.

వరుస, చెవులు, ఫోన్లు

ముందు మనిషికీ మీకూ మధ్య కనీసం నాలుగైదు అడుగుల ఎడం పెట్టండి. ముసలివాళ్లకు చెవుడు ఉంటే గొంతు పెరుగుతుంది, ఇంకా వెనక్కి జరగండి. పాట పాడేవాళ్లుంటే పాడనివ్వండి. అలాంటప్పుడు పాట మంచి గోడ. అయినా ఏదో ఒక మాట చెవిన పడిందనుకోండి, అక్కడితో ఆగిపోవాలి. సంకీర్తన రహస్యం గురువుకే కాదు, ఎలాగైనా ఆ మాటలు తెలిసిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుందని 983వ సూత్రం చెబుతుంది. "ఫలానా ఆవిడ లోపల ఏడ్చింది తెలుసా" అన్న కబురు కూడా అందులోకే వస్తుందని నా అభిప్రాయం.

ఫోను సైలెంట్‌లో పెట్టడం సరిపోదు, ఆఫ్ చేయండి, లేదా ఇంటివాళ్ల చేతికి ఇవ్వండి. 2021 డిసెంబరు 8 నుంచి అమల్లో ఉన్న శ్రీసభ కొత్త శిక్షా నియమాల్లో 1386వ సూత్రం, సంకీర్తనంలో గురువు గానీ విశ్వాసి గానీ పలికినదాన్ని ఏ పరికరంతోనైనా రికార్డు చేసినా, ప్రసార మాధ్యమాల్లో బయటపెట్టినా శిక్షార్హమని చెబుతుంది. "మా పాప మొదటి పాపసంకీర్తనం" అంటూ దూరం నుంచి వీడియో తీసే తల్లిదండ్రులూ, మీ ఉద్దేశం మంచిదే. ఫోటో కావాలంటే బయట మెట్ల మీద తీసుకోండి.

పాపాలు మరిచిపోతామని చీటీ మీద రాసుకొచ్చేవాళ్లున్నారు. రాసుకోండి, తప్పులేదు. కానీ ఫోను నోట్సులో వద్దు, అది క్లౌడ్‌లోకి పోయి అన్న ల్యాప్‌టాప్‌లో తేలుతుంది. కాగితమైతే పని అయ్యాక ముక్కలు చేసి ఇంటికి పట్టుకెళ్లండి. ఒకసారి మోకాళ్ల పీట కింద మడతపెట్టిన వీక్లీ టెస్టు పేపరు దొరికింది. వెనకాల ఏం రాసుందో చూడకుండా చింపేశాను. ముందువైపు మార్కులు మాత్రం కనబడ్డాయి. పాపం, వాడికి అవే పెద్ద బాధ అయ్యుండాలి.

పరిచయమున్న ఫాదర్‌గారికి చెప్పడం ఇబ్బందిగా ఉంటే వేరే గుడికి వెళ్లండి. ఎవరి దగ్గరైనా, వేరే ఆచార సంప్రదాయపు గురువు దగ్గరైనా చెప్పుకునే స్వేచ్ఛ 991వ సూత్రం ఇస్తుంది. అంటే సీరో మలబార్ గురువు దగ్గరికి తెలుగు లాటిన్ కతోలికుడు వెళ్లవచ్చు, వాళ్లు మన దగ్గరికి రావచ్చు. ఎల్బీనగర్ నుంచి ఎర్ర లైను మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగితే గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ ఎంతో దూరం కాదు. అక్కడ మిమ్మల్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు.

పిల్లలతో

మొదటి సంకీర్తనానికి పిల్లల్ని తయారుచేసేటప్పుడు పాపాల పట్టిక కంఠతా పట్టించకండి. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు ఆమెన్ అనాలి, ఇవి నేర్పండి. బయటికి రాగానే "ఏం చెప్పావు?" అని అడగకండి. నవ్వుతూ కూడా అడగకండి. ఆ ఒక్క ప్రశ్నతో పిల్లవాడికి ఆ చోటు మీద నమ్మకం పోతుంది.

కానీ ఇంకో సంగతి కచ్చితంగా నేర్పండి. సంకీర్తనం జరిగేది గుడిలో, అందరికీ కనబడే చోట. తలుపు గడియ పెట్టిన గదిలో కాదు. ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేసినా, వింత ప్రశ్నలు అడిగినా లేచి వచ్చేయవచ్చని, అది పాపం కాదని చెప్పండి. సంకీర్తన రహస్యం గురువు నోటికి తాళం. తనకు జరిగినదాన్ని పిల్లవాడు ఇంట్లో చెప్పకూడదని దాని అర్థం కాదు. అలాంటిది జరిగితే పిల్లల సహాయ నంబరు 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం. ఇది రాస్తే కొందరు పెద్దలు నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకోనివ్వండి.

హాస్టల్ పిల్లలకు

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుంచి ఆదివారం సాయంత్రం వచ్చే పిల్లల్లో కొందరు వారానికి రెండుసార్లు సంకీర్తనానికి వస్తారు, అదే పాపం మళ్లీ మళ్లీ చెబుతారు. ఒకసారి చెప్పి, పాపవిమోచనం పొందినదాన్ని మళ్లీ తవ్వకండి. అనుమానం ఆగకపోతే ఒకే గురువు దగ్గరికి క్రమంగా వెళ్లండి, ఆయన చెప్పినట్టు వినండి. నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం పాపాలు కావు, అవి ఒంటి బాధలు, మనసు బాధలు. అవి ఫాదర్‌గారికి చెప్పండి, కానీ అక్కడితో ఆపకండి. ఆయన రహస్యానికి కట్టుబడి మీ ఇంటికి ఫోను చేయలేరు, వార్డెన్‌కు చెప్పలేరు. అక్కడి నుంచి బయటికి వచ్చి మీ నోటితో మీరే ఒకరికి చెప్పాలి. టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడుతుంది.

స్నేహితుడు కతోలికుడు కాకపోతే తోడుగా తీసుకురండి, బెంచీ మీద కూర్చోబెట్టండి. సరదాకి వరుసలోకి నెట్టకండి.

ఎండ, ఉపవాసం

పవిత్ర వారం పడేది మార్చి చివర్లో గానీ ఏప్రిల్‌లో గానీ. హైదరాబాదు ఎండ సంగతి చెప్పనక్కరలేదు. పైగా పవిత్ర గురువారం నాడు దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గరా గురువారపు జనమే. గుడికి చేరేసరికే సగం ప్రాణం పోతుంది. సంకీర్తనం ఆ రోజుకు అట్టిపెట్టుకోకండి, మట్టల ఆదివారానికి ముందే ముగించండి. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు వెళ్లే అలవాటున్నవాళ్లు అక్కడే చెప్పుకుని వస్తారు, అదీ మంచిదే. చావైన పాపాలను ఏడాదికి ఒక్కసారైనా చెప్పుకోవాలన్నది కనీస నియమం. దాన్ని గుడ్ ఫ్రైడే మధ్యాహ్నానికే తీర్చాలని ఎక్కడా లేదు.

సంకీర్తనానికి కడుపు మాడ్చుకుని రావాలన్నది మన పెద్దవాళ్ల ఊహ. అలాంటి నియమమే లేదు. గంట ఉపవాసం దివ్యసత్ప్రసాదానికి. దానికీ మంచినీళ్లు, మందులు అడ్డు కావు. ముసలివాళ్లకు, రోగులకు ఆ గంటా లేదు. విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే ఉపవాసాలు 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 60లో అడుగుపెట్టేదాకా. జబ్బు చేసినవాళ్లకు అవీ లేవు. షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మాత్ర గానీ ఇన్సులిన్ గానీ మానకండి. సంచిలో రెండు బిస్కెట్లు, నీళ్ల సీసా పెట్టుకోండి. చెమట పట్టి చేతులు వణుకుతుంటే వరుసలోంచి తప్పుకుని కూర్చోండి, మీ చోటు పోనివ్వం. చెప్పులు నీడలో విడవండి. మధ్యాహ్నం గడపలో ఎండకు కాలిన రాతి మీద కాలు పెట్టి బొబ్బలెక్కించుకున్నవాళ్లను చూశాను.

పాపవిమోచనం అయ్యాక నేరుగా రోడ్డు మీదికి పరుగెత్తకండి. ఫ్యాను కింద కూర్చుని ఆ మూడు మంగళవార్త జపాలు అక్కడే చెప్పుకోండి. మోకాళ్లు కాస్త సర్దుకుంటాయి. ప్రాయశ్చిత్తం పెద్దదై ఇంటి దగ్గర చేయవలసిందైతే ఆ రోజే మొదలుపెట్టండి. ఎల్బీనగర్ వైపు వెళ్లేవాళ్లు చౌరస్తాలో బస్సుల మధ్య దూరకండి. విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌లో లిఫ్టు ఉంది, ఆ మెట్లు ఎక్కకండి.